తాతలు, నేతులు, ఒక పెన్సిలు

నదీమూలం, ఋషిమూలం అడగకూడదని మన పెద్దలు ఒక మాట అనేసి ఊరుకున్నారు. ఎంత పెద్ద నదైనా మొదట్లో ఏదో రాతి సందున ఊరే చెమ్మేనని, ఎంత గొప్ప వంశమైనా వెనక్కి నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట తల దించుకోవలసి వస్తుందని వాళ్లకు తెలుసు కాబోలు. ఆ పెద్దలే మరోవైపు, ఆబ్దికం నాడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లు తడుముకోకుండా చెప్పి తీరాలన్నారు. ముగ్గురికీ వసు, రుద్ర, ఆదిత్య రూపాలిచ్చి కూర్చోబెట్టారు. నాలుగో ఆయన పేరు మంత్రం అడగదు. ముత్తాత దగ్గర నుంచి ఒక్క గంతులో గోత్రానికి, అంటే ఏ భరద్వాజుడి దగ్గరికో కౌండిన్యుడి దగ్గరికో వెళ్లిపోతాం. ముత్తాతకూ ఋషికీ నడుమ ఎంతమంది పుట్టి, దున్ని, అప్పులు తీర్చి, తీర్చలేక పోయారో ఆచారానికి పట్టలేదు. మరిచిపోవడానికి ఇంత మర్యాదైన ఏర్పాటు మరొకటి నాకు కనిపించదు.

ఆ ఏర్పాటుతో తృప్తిపడని మనుషులు కొందరుంటారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం తాతగారి ఫోటో మీద దుమ్ము కూడా దులపనివారు, పింఛను మొదలైన మరుసటి నెల నుంచే ముత్తాత తండ్రి పేరు కోసం నిద్ర మానుకుంటారు. ఎక్కడో డల్లాస్‌లో మనవరాలిని బడిలో వంశవృక్షం గీసుకు రమ్మంటే, ఆ పురుగు ఫోనులో ప్రయాణం చేసి తెనాలిలో తాతగారిని కుడుతుంది. మొదట ఇంట్లో ముసలివాళ్లను అడుగుతారు. ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. తర్వాత సొంత ఊరికి వెళతారు. పాత ఇంటి స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంటుంది. చివరికి కాగితం తప్ప గతి లేదని తేలి, కాగితాలున్న చోటికి బయలుదేరతారు. ఎవరితోనూ పంచుకోలేనంత సొంతమైన ఆశను పట్టుకుని సర్కారువారి బహిరంగమైన గదిలోకి అడుగుపెట్టడం ఇందులోని మొదటి విచిత్రం. ఆ గదికి కొన్ని పద్ధతులుంటాయి. గోడకు అతికించిన ఆ పద్ధతులను చాలామంది చదవరు; చదివినవాళ్లు అవి కాగితాలను కాపాడటానికి పెట్టినవనుకుంటారు. నాకు మాత్రం, వచ్చినవాడి చేత 'నాది' అనే మాటను మెల్లమెల్లగా వదిలించడానికి పెట్టినవేమోననిపిస్తుంది.

కోస్తా జిల్లాల వాళ్లకూ రాయలసీమ వాళ్లకూ ఈ దారి తరచు చెన్నైకి పోతుంది. 1953 అక్టోబరు 1 దాకా మనవాళ్లు మద్రాసు ఏలుబడిలోనే ఉన్నారు కనుక, మన ఊళ్ల పాత లెక్కలు ఎన్నో ఎగ్మూరులో, 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా మొదలైన ఎర్రటి భవనంలో ఉండిపోయాయి. తెలంగాణవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు, హైదరాబాదులో తార్నాకలోని రికార్డుల కార్యాలయం చాలు. కాకపోతే అక్కడ తాతలు పారసీలో మాట్లాడతారు. అదీ షికస్తా అనే గొలుసుకట్టు దస్తూరీలో. ఉర్దూ చదువుకున్నవాళ్లు కూడా ఆ గొలుసు ముందు ఆగిపోతారు. రెండు చోట్లా మొదట వదులుకోవలసింది మన భూగోళాన్ని. ఒంగోలులో పుట్టి ఒంగోలులోనే పోయిన ఒక కుటుంబాన్ని తీసుకుంటే, 1904కు ముందు వాళ్లు నెల్లూరు జిల్లావాళ్లు, ఆ తర్వాత గుంటూరు జిల్లావాళ్లు, 1970 నుంచి ఒంగోలు జిల్లావాళ్లు, మరో రెండేళ్లకు ప్రకాశం జిల్లావాళ్లు. అరుగు దిగకుండానే ఇన్ని జిల్లాలు తిరిగిన తాతను వెతకడానికి వెళ్లినవాడు, 'మాది ప్రకాశం జిల్లా, ఆ కాగితాలు తెండి' అంటే బల్ల వెనకాల ఉన్న మనిషి నవ్వకుండా ఉండటమే గొప్ప సంస్కారం. పాత జిల్లా, పాత తాలూకా, శిస్తు లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం తెలుసుకుని వెళ్లడం చిన్న సంగతే. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ కాస్త కూడిక ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లినవాణ్ణి ఆ గది వేరే కంటితో చూస్తుంది.

లోపలికి వెళ్లగానే జేబులోని కలం పక్కన పెట్టమంటారు. పెన్సిలు మాత్రమే. శాశ్వతమైనదాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడి చేతికి చెరిగిపోయేదాన్ని ఇవ్వడంలో ఏదో కొంటెతనం ఉంది. కానీ ఎదురుగా పరిచిన పాత పుటను చూస్తే ఆ కొంటెతనానికి కారణం దొరుకుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఆఫీసు సిరాల్లో చాలావాటిలో ఇనుము ఉండేది. గుమాస్తా గట్టిగా నొక్కి రాసినచోట, ఎన్నటికీ చెరగకూడదని అద్ది రాసినచోట, ఆ సిరా నూరేళ్లపాటు కాగితాన్ని లోలోపల తిని అక్షరం ఆకారంలోనే చిల్లు మిగిల్చింది. తేలికగా రాసిన మాటలు ఉన్నాయి, బలంగా రాసిన మాటలు రాలిపోయాయి. ఇదంతా చూశాక కూడా తన బాల్‌పెన్ను కోసం గుమస్తాతో వాదించేవాళ్లుంటారు; వాళ్ల పూర్వీకులు ఎవరో కోర్టుపక్షిగా బతికి ఉంటారని ఊహించుకోవడానికి వేరే రికార్డు చూడనక్కర్లేదు.

చేతుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. సినిమాల్లో పాత పుస్తకం ముట్టుకునే ప్రొఫెసరుకు తెల్లటి చేతితొడుగులు తప్పవు. కాగితాలను కాపాడే పని చేసేవాళ్లు మాత్రం, సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకున్న వట్టి చెయ్యే మేలంటారు. గుడ్డ తొడిగిన వేలికి పుట అంచు ఎక్కడుందో తెలియదు. తెలియని వేలు చింపుతుంది. తొడుగులు ఫోటోలకే. మనవాళ్లకు తొడుగులతో పేచీ లేదు, నాలుకతోనే పేచీ. నోట్లు లెక్కపెట్టినా, పంచాంగం తిరగేసినా, పెళ్లిపత్రికల కట్ట విడదీసినా చూపుడువేలు దానంతట అది నాలుక దగ్గరికి పోయి వస్తుంది. అదొక వంశపారంపర్యమైన అలవాటు. పాత రిజిస్టరు పుటల కుడి మూలలు కొన్నిచోట్ల గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంటాయి. మనకంటే ముందు కూర్చున్న తరాల వేళ్లూ నాలుకలూ అక్కడ కలిశాయి. తాతల జాడ కోసం వచ్చినవాడికి ఆ మరక కూడా జాడేనని అనిపించవచ్చు. అనిపించినా దానికి తన వంతు చేర్చకుండా ఉండటమే పద్ధతి.

బల్ల దగ్గర ఇచ్చే స్లిప్పు మీద నాలుగైదు గీతలకు మించి ఉండవు: రిజిస్టరు పేరు, సంపుటం, సంవత్సరం, మీ సంతకం. దాన్ని నింపే ముందు కొందరు కథ మొదలుపెడతారు. మా ముత్తాతగారు ఫలానా సంస్థానంలో దివాను, ఆయనకు ఏనుగు ఉండేది, ఆ ఏనుగు ఒకసారి... గుమస్తా వింటాడు. రోజూ వింటాడు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ల ముత్తాతలందరికీ ఏనుగులుండేవి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెతకు జీతం తీసుకుని ముక్కు అందించే ఉద్యోగం ప్రపంచంలో ఇదొక్కటేనేమో. ఆయనకు కావలసింది మాత్రం ఏనుగు కాదు, సంపుటం నంబరు. ఆ తర్వాత అటెండరు మెట్లెక్కి, ఆ అరల్లోని వేడిలో వెతికి, గుడ్డలో చుట్టిన కట్టను రెండు చేతులా పట్టుకొచ్చి బల్లమీద శబ్దం కాకుండా దించుతాడు. ఆ దించడంలో ఒక విద్య ఉంది. నలభై ఏళ్లుగా ఇతరుల తాతలను మోస్తున్న మనిషి విద్య అది. తన తాత గురించి ఆయన్ను ఎవరూ అడగరు. ఆయన పేరు తెలుసుకుని, తమిళంలో నాలుగు ముక్కలు మాట్లాడి, మధ్యాహ్నం ఆయన అన్నం తినే వేళకు కొత్త స్లిప్పు చేతిలో పెట్టకుండా ఉన్నవాడికి సాయంత్రం లోపల కేటలాగులో లేని ఒక దారి తెలుస్తుంది. ఇది లంచం కిందికి రాదు, ఉచితంగా అమల్లో ఉన్న పాత చట్టం.

కట్ట విప్పాక ఎదురయ్యే నిజం, ఆ కాగితాలు మన కోసం రాసినవి కావన్నది. 1858లో మద్రాసు సర్కారు ఇనాం కమిషను వేసింది. శిస్తు లేకుండా అనుభవిస్తున్న మాన్యాలు ఎన్ని సక్రమమో తేల్చడానికి, తేలనివాటి మీద శిస్తు కట్టడానికి. దాని ఫలంగా పుట్టినవే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. పుట అడ్డంగా గళ్లు గళ్లుగా ఉంటుంది: ఊరు, విస్తీర్ణం, మాన్యం దేనికోసం, ఎవరిచ్చారు, ఏ ఏట, దానపత్రమైన సనదు ఉందా, మొదటి గ్రహీత ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు. సనదు గడిలో పోయిందనే జవాబులు తరచుగా కనిపిస్తాయి. చివరి గడిలో డెప్యూటీ కలెక్టరు అభిప్రాయం. వేదవృత్తి మాన్యాలతోపాటు ఊరి తలారి, కమ్మరి, మంగలి మాన్యాలూ ఉంటాయి. వంశచరిత్ర వెతికేవాడికి ఆ 'ఏమవుతాడు' అనే గడి బంగారు గని. సర్కారుకు అది అనుమానపు గడి. నీకు ఆ తాత నిజంగా తాతేనా అని అడగడానికి పెట్టిన గడిలోనే మనకు తాత దొరుకుతాడు. అనుమానించినవాడు రాసిపెట్టాడు, ప్రేమించినవాళ్లెవరూ రాయలేదు.

అంతటా ఇదే ధర్మం. శిస్తు బాకీ పడితే పేరు ఎక్కుతుంది. అన్నదమ్ములు కోర్టుకు పోతే తీర్పులో మూడు తరాలు ఎక్కుతాయి. తగాదా లేకుండా, అప్పు లేకుండా, వేళకు పన్ను కట్టి, పదిమందికి అన్నం పెట్టి పోయినవాడికి గదిలో ఒక్క కాగితం ముక్క కూడా ఉండదు. సాధువైన తాత కావాలో, దొరికే తాత కావాలో వెళ్లేముందే తేల్చుకోవడం మంచిది. దొరికిన తాత వడ్డీ మీద వడ్డీ కట్టినవాడైనప్పుడు ముఖం చిట్లించుకోకుండా ఆ పుటను అలాగే రాసుకోవడానికి పెన్సిలుకంటే గట్టి సాధనం కావాలి.

ఊళ్లో సెంటు భూమి లేనివాళ్ల సంగతి? మాన్యం లేనివాడికి మాన్యపు రిజిస్టరు లేదు. పొలం దున్నినవాడి పేరు పొలం లెక్కలో ఉండకపోవచ్చు. చాలా కుటుంబాలకు మొదటిసారి పేరు కాగితం మీద పడింది బాప్తిస్మం రోజున. కరవు రోజుల్లో, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు కేకేసి పిలిచిన పేరు తప్ప మరో పేరు అక్కర్లేకుండా బతికిన మనుషులకు ఆ ఏట పేరు రాసుకునేవాడు ఎదురయ్యాడు.

ఇంతకంటే విచిత్రం సముద్రం దాటినవాళ్లది. 1860 నవంబరు 16న ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దించింది. 1911 దాకా నాటల్ చెరకు తోటలకు అలా చేరిన కూలీలు 1,52,184 మంది. వాళ్లలో ఎక్కువమంది ఎక్కింది మద్రాసు రేవులోనే, వాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ ఓడల జాబితాలు ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఊరి పేర్లు చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో పడ్డాయి. వాటిని పైకి చదివితే తప్ప లోపలి తెలుగు ఊరు బయటికి రాదు. నిశ్శబ్దం పాటించవలసిన గదిలో పెదవులు కదిలిస్తూ కూర్చున్న మనిషి కనిపిస్తే, అతనిది డర్బన్ అయినా కావచ్చు. ఇంటిపేరు పోయి, 'నాయుడు' అనే ఒక్క ముక్కే ఇంటిపేరుగా నిలిచిన కుటుంబం నుంచి వచ్చినవాడు, తన నాలుగో తాతకు ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ ఉండేదని ఆ జాబితాలో చదువుకుంటాడు. పక్క బల్ల దగ్గర అగ్రహారం వారి మునిమనవడికి తన నాలుగో తాత పొడుగో పొట్టో కూడా తెలియదు. ఊరు విడిచినవాడి కొలతలున్నాయి, ఊళ్లో ఉన్నవాడివి లేవు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన మచ్చ, వెతుక్కుంటూ వచ్చినవాడికి పట్టు దొరికే చోటైంది. మారిషస్‌లోని మోకాలో మహాత్మా గాంధీ సంస్థ దాచిన వలస కాగితాల్లో కొందరికి ఫోటోలు కూడా ఉన్నాయి. కెమెరా ముందు ఎలా నిలబడాలో ఎవరూ చెప్పని మనుషుల ముఖాలవి. వాటిని చూడటానికి ఎక్కడా రాయని ఒక పద్ధతి ఉందేమో. కనీసం సెల్‌ఫోను ఎత్తే ముందు ఒక క్షణం వట్టి కళ్లతో చూడవచ్చు.

ఏ పుటా ఒక్క కుటుంబానిది కాదన్నది పుట తెరిచినప్పుడే కనిపిస్తుంది. మన తాత ఏడో గడిలో ఉంటే ఎనిమిదో గడిలో మరొకరి తాత ఉంటాడు. ఆయన దొంగతనం కేసో, కుష్ఠురోగం మాటో, వితంతువైన మరదలి పేరున రాసిన మనోవర్తి వివాదమో అదే సిరాతో అక్కడే ఉంటుంది. చూడకుండా ఉండలేం; కన్ను గడి గీతలకు లోబడదు. ఆ పక్క గడిని ఏం చేస్తామన్నదే ప్రశ్న. పుట మొత్తం ఫోటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు, తమ తాత చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి మిగతావాళ్లను ఊరికి వదిలేస్తారు. ఆ మిగతావాళ్లలో ఒకరి మునిమనవడు అదే గ్రూపులో అల్లుడై ఉండటం మన వైపు అసంభవమేమీ కాదు. కులం గడి సంగతి చెప్పనే అక్కర్లేదు. నూట అరవై ఏళ్ల క్రితం గుమాస్తా వాడిన మాటను ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోవడం చరిత్రకు అవసరం. దాన్నే భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పుకోవడం ఎవరికీ అవసరం లేదు.

చదువుల గదికీ పెళ్లిభోజనాలకీ నాకు పోలిక కనిపిస్తుంది. మనం లేచిన చోటే రెండో బంతివాళ్లు కూర్చుంటారు. విడికాగితాల కట్టలో ఏది దేని కింద ఉందో ఆ వరస కూడా సమాచారమే. ఉత్తరం, దాని జవాబు, జవాబు మీద పై అధికారి గీత, ఒకదాని వెనక ఒకటి ఉన్నంతసేపే మాట్లాడుకుంటాయి. మనకు కావలసిన ముక్కను పైకి లాగి, తిరిగి అడుగున దోపి వెళ్లిపోతే ఆ సంభాషణ అక్కడితో తెగిపోతుంది. తర్వాతివాడికి జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తుంది. ఇక మిగతా పద్ధతులు — పుట మూల మడవకపోవడం, మోచెయ్యి ఆనించకపోవడం, ఫ్లాష్ వెయ్యకపోవడం, టిఫిను డబ్బా బయటే ఉంచడం — తెలియనివి కావు. పులిహోర వాసనకు చీమలు వస్తాయి, చీమల వెనకాల మరేవో వస్తాయి, రామబాణం పురుగుకు వంశాభిమానం లేదు.

గ్రంథాలయాల్లో ప్రేమ మరింత ప్రమాదకరం. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం వంటి చోట్ల పాత తెలుగు పత్రికల సంచికలు అపురూపంగా దాచిపెట్టారు. నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి 1914లో మద్రాసులో దినపత్రిక చేసిన ఆంధ్రపత్రిక లాంటివి తిరగేస్తే సభల వార్తల్లో, చందాల జాబితాల్లో, మరణవార్తల్లో ఇంటిపేర్లు తగులుతూనే ఉంటాయి. మరొకచోట, పేరెందుకు, ఒక పాత సంచికలో నాలుగంగుళాల కిటికీ చూశాను. బ్లేడుతో ఎంతో శ్రద్ధగా, గీత తప్పకుండా కోశారు. ఎవరో తమ తాతగారి ఫోటోను ఇంటికి తీసుకుపోయి ఉంటారు. ఆ తాతగారు ఇప్పుడు ఒక్క ఇంటి గోడ మీద ఉన్నారు, ఇన్నాళ్లూ ఆంధ్రదేశమంతటికీ ఉండేవారు. కిటికీలోంచి వెనక పుటలోని ఆముదం ధరలు కనిపిస్తున్నాయి. ఆ ధరల కోసమూ ఎవరో ఒకరు వస్తారు, ముందు పుట అవతలి వైపున పోయిన వాక్యం కోసమూ ఎవరో వస్తారు. పూర్వీకుల మీద భక్తికీ ఇతరుల పూర్వీకుల మీద దొంగతనానికీ మధ్య ఒక్క బ్లేడు మందమే దూరం.

సర్కారు గదులకంటే సున్నితమైనవి ఊరి లెక్కలు రాసిన కరణాల ఇళ్లు. రెండు శతాబ్దాల క్రితం కల్నల్ మెకంజీ అనే సర్వే అధికారి ఊరూరి చరిత్రలైన కైఫీయతులు పోగు చేయించినప్పుడు, ఆ పని చేసినవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, వాళ్ల తోటివాళ్లు. లెక్కలు చూపిస్తే శిస్తు పెరుగుతుందేమోనని కరణాలకు భయం. దొరవారి తరఫున వచ్చామని దర్పం చూపితే దఫ్తరం అటకెక్కుతుంది. ఆ సోదరుల్లో బొర్రయ్యకు ఆ మనుషుల దగ్గర ఎలా మసలుకోవాలో తెలుసు. 1803లో చిన్న వయసులోనే పోయాడు. మెకంజీకి మన భాషలు రావు. ఆ సంగతి దాచుకోకుండా, తనకు ఈ దేశపు తలుపు తెరిచింది బొర్రయ్యేనని 1817లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. సర్వేయర్ జనరల్ హోదాలో ఉన్నవాడు తన గుమాస్తా పేరు రాసి రుణం ఒప్పుకోవడం ఆ రోజుల్లో అంత మామూలు సంగతేమీ కాదు. ఇప్పటికీ కృతజ్ఞతల పేజీలో కలెక్టరుగారి పేరు ఉంటుంది, కట్ట దించిన అటెండరు పేరు ఉండదు.

1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. లెక్కలన్నీ సర్కారుకు అప్పగించాలి. అప్పగించినవి అప్పగించారు, కొన్ని ఇళ్లలోనే మిగిలాయి. అలాంటి ఇంటికి వెళ్లినవాడు మొదటిరోజే కాగితాలు అడగడు. కాఫీ తాగుతాడు. ఆ ఇంటి పెద్దావిడ చెప్పే వేరే ఎవరివో పెళ్లిళ్ల కథలు వింటాడు. బయలుదేరేముందు, 'మళ్లీ వస్తానండీ పిన్నిగారూ' అంటాడు. రెండోసారి వెళ్లినప్పుడు అటక మీది నుంచి ఏదో ఒకటి దానంతటదే దిగుతుంది. తాటాకుల కట్ట దిగిందంటే మరీ జాగ్రత్త. రంధ్రంలో దూర్చిన తాడు మీదే ఆకులను ఒక్కొక్కటిగా జరపాలి, పుస్తకంలా విప్పకూడదు; విరిగిన ఆకు అతకదు. గంటంతో గీసిన గాట్లలో మసి రాలిపోయి అక్షరం కనబడకపోయినా, తెలిసినవాళ్లు నిమ్మగడ్డి నూనె, మసి కలిపి అద్దేదాకా ఆగాలి; మనం పసుపో పౌడరో అద్దబోతే ఆ ఇంటివాళ్లు మర్యాదకు ఏమీ అనరు, అదే ఇబ్బంది. రేపిస్తానని పట్టుకుపోయి ఇవ్వనివాళ్ల పేర్లు ఆ ఇంట్లో అన్నీ గుర్తుంటాయి. కరణంగారి ఇల్లు కదా, ఆ లెక్క మాత్రం తప్పదు.

దొరికినదాన్ని ఇంటికి తెచ్చాక మరో గది ఎదురవుతుంది. అందులో బతికున్నవాళ్లు ఉంటారు. తాతగారికి రెండో సంసారం ఉండేదని రిజిస్టరు చెబుతుంది. పెద్దత్తయ్యకు ఆ సంగతి తెలుసు. తెలిసే డెబ్బై ఏళ్లుగా తెలియనట్టు ఉంది. ఆవిడ మౌనం కూడా ఒక దఫ్తరమే, దానికీ చూడటానికి అనుమతి కావాలి. చనిపోయినవాళ్ల గురించి నిజం చెప్పవలసిందేనని పట్టుబట్టే పరిశోధకులను నేను గౌరవిస్తాను. కాకపోతే ఆ నిజం ఎవరి ఎదుట, ఏ పండగనాడు, ఎన్ని గంటలకు చెప్పాలన్నది కాగితాల్లో ఎక్కడా రాసి ఉండదు.

కాశీ, గయ, ప్రయాగల్లో పండాల దగ్గరుండే బహీల పద్ధతి వేరు. జిల్లా, ఊరు, ఇంటిపేరు చెబితే పొడుగాటి పుస్తకం విప్పి, మీ తాతగారు ఫలానా ఏట గంగకు వచ్చినప్పుడు తెలుగులో చేసిన సంతకం వేలితో చూపిస్తారు. చూసుకుని లేచి వచ్చెయ్యడానికి వీల్లేదు. దక్షిణ సంగతి అలా ఉంచి, తన పేరు, పిల్లల పేర్లు, వచ్చిన తేదీ దాని కిందే రాసి సంతకం చెయ్యాలి. అక్కడ చదివినందుకు రుసుము రాయడమే. వెతుక్కుంటూ వచ్చినవాడు వెతకబడేవాడుగా మారి మెట్లు దిగుతాడు. ఆ పనే ఎగ్మూరులో చేస్తే పోలీసులను పిలుస్తారు. సర్కారు గదిలో మన పేరు రాయడానికి ఒకే ఒక్క చోటుంది, గుమ్మం పక్కన హాజరు రిజిస్టరు. పేరు, చిరునామా, వచ్చిన పని, వచ్చిన వేళ. దానికి పెన్సిలు నియమం కూడా లేదు; బల్లకు దారంతో కట్టిన కలం ఉంటుంది. లోపలికి పోయే తొందరలో దాదాపు అందరూ అక్కడ కోడిగీతలు గీసి పోతారు. ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం, ఊరికి బదులు పిన్‌కోడు, వచ్చిన పని దగ్గర 'పర్సనల్'. పావుగంట తర్వాత లోపల కూర్చుని, 1860 నాటి గుమాస్తా దస్తూరీ ఒక్క ముక్క అర్థమై చావడం లేదని విసుక్కునేది కూడా వాళ్లే.